మీకు తెలుసా? బస్తా మీద ఊరి పేరు

హైదరాబాద్‌లో బియ్యం కొట్టుకు వెళ్తే చాలామంది కంపెనీ పేరు అడగరు, ‘కర్నూలు సోనా ఉందా?’ అంటారు. ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన బియ్యం ప్రధానంగా బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. ఆ వంగడం పుట్టింది మాత్రం బాపట్లలో, విడుదలైంది 1986లో. విత్తనం కోస్తాది. పేరు తెచ్చింది కేసీ (కర్నూలు-కడప) కాలువ నీటితో సన్నాలు పండించిన నంద్యాల, ఆళ్లగడ్డ రైతులు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. అయినా బస్తా మీద ‘కర్నూలు’ చెరగలేదు. జనం నోట నానిన పేరును ఏ వ్యాపారీ వదులుకోడు మరి!

‘పాత బియ్యం’ అన్న మాటకూ ధర పలుకుతుంది. నిల్వ ఉన్న బియ్యం ఎక్కువ నీరు పీల్చుకుంటుంది, అన్నం ముద్దకాకుండా పొడిపొడిగా వస్తుంది. ఇది ఉత్త ప్రచారం కాదు, వండి చూసిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన నిజం.

పేరు సంగతి సరే, ఇంతకీ 25 కిలోల బస్తా చాలాచోట్ల 26 కిలోలు ఎందుకైంది? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కిలో కలిపితే ఆ పన్ను ఉండదు. ఈసారి కొనేటప్పుడు బస్తా మీద బరువు చూడండి. రెండు కొట్లలో ధర పోల్చాలంటే బస్తా లెక్కన కాదు, కిలో లెక్కన అడగండి.