నియమాధారిత తర్కయంత్రం – తెలుగు సంధిప్రక్రియ: ఒక పరిశీలన

‘ఇది ఉంటే అది చేయి’ అనే నియమాల నుంచి ఫలితాన్ని రాబట్టే కంప్యూటర్ వ్యవస్థను నియమాధారిత తర్కయంత్రం అంటారు. తెలుగు అధ్యాపకులకు ఈ భావన కొత్తది కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానకవి అయిన నన్నయ పేర ప్రసిద్ధమైన ఆంధ్రశబ్దచింతామణి (కర్తృత్వ వివాదం ఇక్కడ ప్రస్తుతం కాదు), 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం ఇటువంటి నియమసంపుటాలే. అయితే సూత్రం తెలియడం వేరు, సూత్రాలు లోపల ఏ క్రమంలో ప్రవర్తిస్తాయో తెలియడం వేరు.

తర్కయంత్రంలో నియమనిధి, ప్రస్తుత విషయాలను నిలిపి ఉంచే పనిస్మృతి, ఈ రెండింటినీ పోల్చి చూసే చాలకం ఉంటాయి. ‘పూచెను + కలువలు’ అన్నప్పుడు పనిస్మృతిలో ఈ రెండు పదాలుంటే చాలదు. పూర్వపదం ద్రుతప్రకృతికమనీ, ‘క’ పరుషమనీ నమోదై ఉండాలి. అప్పుడు సరళాదేశ నియమం ప్రవర్తించి ‘క’ను ‘గ’గా మారుస్తుంది. పరుషం పోయింది కనుక ఆ నియమం అక్కడ మళ్లీ ప్రవర్తించదు. అంతవరకు ఊరకున్న రెండవ నియమానికి ఇప్పుడు అవకాశం వస్తుంది: పూచెఁగలువలు, పూచెంగలువలు, పూచెన్గలువలు; వికల్పం కనుక పూచెను గలువలు. ఒక నియమఫలం మరొక నియమానికి నిమిత్తం కావడమే పురోగమన తర్కం. సిద్ధరూపాన్నిచ్చి విడదీయమంటే విద్యార్థి చేసేది తిరోగమన తర్కం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రెండవ నియమం కోరేది ఆదేశంగా వచ్చిన సరళాన్నే. ‘పూచెను + గన్నేరులు’లోని ‘గ’ సహజం. అక్షరాన్ని మాత్రమే చూసే యంత్రానికి ఈ తేడా తెలియదు; ఏ విషయం ఏ నియమం వల్ల సిద్ధించిందో అది గుర్తుంచుకోవాలి. ప్రతి నిర్ణయానికీ కారణాన్ని నమోదు చేసే పద్ధతిని జాన్ డోయిల్ 1979లో సత్యనిర్వహణ వ్యవస్థ పేరుతో వివరించాడు. పనిస్మృతి మారినప్పుడల్లా నియమాలన్నింటినీ మొదటినుంచీ పోల్చే శ్రమను తగ్గించినది చార్లెస్ ఫోర్గీ రూపొందించిన ‘రీటీ’ పద్ధతి. లాటిన్‌లో ఆ మాటకు వల అని అర్థం. పాక్షికంగా సరిపోయిన పోలికలను అది ఆ వలలోనే నిలిపి ఉంచుతుంది.

యడాగమం ఇంతకన్నా కఠినం. దాని నిమిత్తం సంధి లేకపోవడం. లేమిని నిర్ధారించాలంటే సంధి నియమాలన్నీ ముందుగా పరీక్షకు రావాలి; క్రమం తప్పితే ఫలితం తప్పుతుంది. దీనికి బహుళం తోడైతే ఒకే దారి చాలదు. ‘మేన + అల్లుడు’ వద్ద యంత్రం రెండు శాఖలుగా చీలి మేనల్లుడు, మేనయల్లుడు రెండింటినీ నిలపాలి. బహుళాన్ని కేవలం వికల్పంగా భావించి ప్రోగ్రాం రాయడం సులభమే కాని, ప్రవృత్తి, అప్రవృత్తి, విభాష, అన్యకార్యం అనే నాలుగు అర్థాలలో మూడింటిని అది వదిలివేస్తుంది. అటువంటి అక్షరదోష పరిశీలకానికి కావ్యప్రతిని అప్పగిస్తే కవి ప్రయోగాన్నే దోషంగా చూపుతుంది. పరిష్కర్త ఏమరుపాటున ఉంటే ఆ ‘సవరణ’ పాఠంలోకి చేరుతుంది.