మన లెక్కలు, పార్టీల లెక్కలు

విదేశాల నుంచి ఒక్క రూపాయి కానుక పుచ్చుకోవాలన్నా మన సంఘాలకు, మిషన్ ఆసుపత్రులకు, బాలల హాస్టళ్లకు ఎన్ని కట్టుబాట్లు ఉన్నాయో కోశాధికారులకు వేరే చెప్పనక్కరలేదు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తరువాత, సంస్థ ఏ మారుమూల మండలంలో ఉన్నా సరే, ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ తీసుకున్న నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఏటా ఆడిట్ చేయించిన లెక్క హోం శాఖకు పంపాలి. వీటిలో కొన్ని షరతులు మరీ బిగువైనవని నా అభిప్రాయం. అయినా లెక్క అప్పజెప్పమనడంలో మాత్రం తప్పు లేదు.

అదే స్టేట్ బ్యాంకు 2018 మార్చి నుంచి 2024 జనవరి వరకు, దేశంలోని 29 బ్రాంచీలలో మరో రకం విరాళాలకు కౌంటరు తెరిచింది. అవే ఎలక్టోరల్ బాండ్లు. సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది కదా, ఆ పాత సంగతి మనకెందుకు అనే పాఠకులు ఉంటారు. సంగతి ఇంకా ముగియలేదు, పైగా అది మన సంఘాల గుమ్మం దాకా వస్తుంది. అందుకే ఈ వివరణ.

ఆ పథకం పని చేసిన తీరు ఇది. వెయ్యి రూపాయల నుంచి కోటి రూపాయల వరకు ఐదు రకాల బాండ్లు. కంపెనీ గాని వ్యక్తి గాని బ్యాంకులో కొని నచ్చిన పార్టీ చేతికిస్తే, పార్టీ 15 రోజుల్లో దానిని నగదుగా మార్చుకుంటుంది. ఎవరిచ్చారో పార్టీ ప్రజలకు చెప్పనక్కరలేదు. ఏ పార్టీకిచ్చామో కంపెనీ తన వాటాదారులకు చెప్పనక్కరలేదు. అంతకుముందు ఒక కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదనే హద్దు ఉండేది. 2017లో దాన్నీ తీసివేశారు. అంటే నష్టాలలో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వవచ్చు. నష్టంలో ఉన్నవాడికి అంత ఉదారత ఎక్కడిదని మామూలు మనిషికెవరికైనా అనుమానం వస్తుంది. ఈ మార్పులను మనీ బిల్లుగా తెచ్చారు గనుక రాజ్యసభకు అడ్డుకునే వీలు లేకపోయింది. రిజర్వు బ్యాంకు, ఎన్నికల సంఘం రెండూ అప్పుడే అభ్యంతరం చెప్పాయి.

కొందరు సహోదరులు దీనిని మత్తయి సువార్త 6వ అధ్యాయంతో సమర్థించడం విన్నాను. దానం రహస్యంగా చేయమని ప్రభువే చెప్పాడు కదా, బాండు కూడా అంతేనని వారి వాదన. ఆ అధ్యాయంలో పుచ్చుకునేవాడు బీదవాడు. ఇచ్చినవాడికి తిరిగి ఏమీ చేయలేడు. మనుషుల మెప్పు కోసం ఇవ్వవద్దని అక్కడి బోధ. బాండు పుచ్చుకునేది కాంట్రాక్టులు, లైసెన్సులు, దర్యాప్తు సంస్థలు చేతిలో ఉన్నవారు లేక రేపు చేతికి రాగలవారు. పైగా అది నిజమైన రహస్యమూ కాదు. 2018లో పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని పరీక్ష చేయించారు. మామూలు కంటికి కనబడని సంఖ్య ఒకటి అతినీలలోహిత కాంతిలో బయటపడింది. కొన్నవారి వివరాలు ప్రభుత్వ బ్యాంకు దగ్గర ఉన్నాయి, బాండుపై గుర్తు ఉంది. ఏమీ తెలియకుండా ఉండిపోయినది ఓటరు ఒక్కడే.

కానుకల విషయంలో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం. యెరూషలేములోని బీదల కోసం పోగైన సొమ్మును పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా తీతుతో పాటు సంఘాలు నమ్మి ఎన్నుకున్న సహోదరులను వెంట పెట్టుకున్నాడు. అపొస్తలుడికే సాక్షులు కావలసి వచ్చారు.

ఇప్పుడు 2024కు వద్దాం. ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగవిరుద్ధమని, ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. ఆ తేదీకి లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి! కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలో వివరాలు బయటికి వచ్చాయి. పథకం నడిచిన కాలమంతటిలో అమ్మిన బాండ్ల విలువ సుమారు 16,500 కోట్లు. వివరాలు వెల్లడైన 2019 ఏప్రిల్ తరువాతి కాలంలో బీజేపీకి 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, మన తెలంగాణలోని బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు ముట్టాయి. వైఎస్సార్‌సీపీకి 337, తెలుగుదేశానికి 218 కోట్లు. కొన్నవారిలో రెండవ స్థానం హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. హైదరాబాదు ఔషధ కంపెనీ ఒకదాని డైరెక్టరును 2022 నవంబరు 10న ఈడీ అరెస్టు చేస్తే, 15వ తేదీన ఆ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొన్నది. ఆ బాండ్లు బీజేపీ ఖాతాకు చేరాయి. తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్లు కాదు. కానీ ఆ ప్రశ్న అడగడానికైనా తేదీలు తెలియాలి గదా? ప్రత్యేక దర్యాప్తు కావాలన్న పిటిషన్లను మాత్రం అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఈ తీర్పు దానంతటది రాలేదు. 2017 నుంచి ఏడీఆర్, కామన్ కాజ్ వంటి సంస్థలు కోర్టుకు తిరిగాయి. తరువాత సీపీఎం కూడా కలిసింది. ఆ పార్టీ బాండ్లు తీసుకోలేదు కూడా. ఏడీఆర్‌ను 1999లో అహ్మదాబాదు ఐఐఎం ఆచార్యులు మొదలుపెట్టారు. అభ్యర్థులు తమ ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో చెప్పడం వారి వ్యాజ్యం ఫలమే. విశ్రాంత నౌకాదళ అధికారి లోకేశ్ బాత్రా సమాచార హక్కు దరఖాస్తులతో ఫైళ్లు బయటికి తీయించారు.

మన ఎఫ్‌సీఆర్‌ఏ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. ఏడీఆర్‌తో కలిసి విశాఖపట్నంలో ఉండే విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన కేసులో, కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ కంపెనీ అనుబంధ సంస్థల నుంచి విరాళాలు తీసుకుని చట్టం మీరాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. చర్య తీసుకోవడానికి బదులు 2016లో చట్టం నిర్వచనాన్ని 2010 నుంచి వర్తించేలా మార్చారు. అది చాలలేదు. 2018లో ఆ మార్పును 1976 ఆగస్టు దాకా వెనక్కి జరిపారు. ఆ ఫైనాన్సు బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే గట్టెక్కింది. ఒక చిన్న సంఘం రిటర్ను ఆలస్యం చేస్తే జరిమానా కడుతుంది. పెద్ద పార్టీలు తప్పితే చట్టమే 42 ఏళ్లు వెనక్కి నడిచింది.

బాండ్లు పోయినా దారులు చాలా మిగిలాయి. 20 వేల రూపాయల వరకు విరాళమిచ్చినవారి పేర్లు పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పనక్కరలేదు. మన రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు హద్దు ఉంది గాని, పార్టీ ఖర్చుకు హద్దే లేదు. ఎలక్టోరల్ ట్రస్టులు దాతల పేర్లు చెబుతాయి, కానీ అందరి డబ్బూ ఒకచోట కలిపి పంచితే ఎవరిది ఎవరికి చేరిందో తెలియదు.

ఆ డబ్బే చివరికి పోలింగు ముందు రాత్రి కవర్లలో మన వీధిలోకి వస్తుంది. మందిరానికి ప్రహరీ గోడ, మైకు సెట్టు, పాస్టర్ల సహవాసానికి భోజనాలు అంటూ వచ్చేదీ అందులోదే కావచ్చు. అటువంటివి వచ్చినప్పుడు ఇచ్చినవారి పేరుతో రసీదు రాసి, ఆదివారం సంఘమంతటి ముందు చదవాలని పెద్దలకు నా మనవి. పేరు చదవడం ఇష్టం లేదని దాత అంటే తిరిగి ఇచ్చివేయండి. పార్టీలు సమర్పించే విరాళాల నివేదికలు, అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. యౌవనస్థుల కూడికలో ఒక సాయంత్రం మన నియోజకవర్గం అభ్యర్థుల పత్రాలు తెరిచి కలిసి చదివితే రెండు గంటల పని.