పైపు చూడకుండా మోటారు కొంటే

2024 వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఓ చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్‌కి దగ్గర్లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు, అక్కడ రాయించుకున్న కొటేషన్ అది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది అయిపోయింది. అక్క 60 వేలు ఇస్తానంది. మానిటర్ పాతదే వాడుకుంటాడు. గేములు ఆడే సిస్టమ్ కావాలి. చీటీలో ఉన్నవి ఇవీ: రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు, ఓ ఎస్ఎస్‌డీ, ముందువైపు అద్దం బిగించిన రంగురంగుల ఫ్యాన్ల క్యాబినెట్, దాంతోపాటే వచ్చే 500 వాట్ల ఎస్ఎంపీఎస్.

"అన్నీ ఒకదానికొకటి సూటవుతాయట మావయ్యా. నెట్‌లో కూడా చెక్ చేశా, ఎక్కడా ఎర్ర గీత రాలేదు" అన్నాడు.

నిజమే. అందులో అబద్ధమేమీ లేదు. ఆ సామాను తెచ్చి బిగిస్తే సిస్టమ్ ఆన్ అవుతుంది, గేమ్ కూడా మొదలవుతుంది. అయినా ఆ చీటీ చూడగానే నాకు మా నాన్న బోరు గుర్తొచ్చింది. ఓ ఏడాది ఆయన పాత మోటారు తీసేసి 5 హెచ్‌పీది పెట్టాడు. పైపులు మాత్రం పాతవే, సన్నవి. మోటారు హోరెత్తింది, వేడెక్కింది, మడిలోకి మాత్రం నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. బిగింపు సరిగ్గానే ఉంది. డబ్బే మట్టిలో కలిసింది.

కంప్యూటర్ విడిభాగాలు కలవకపోవడంలో రకాలున్నాయి. ప్రాసెసర్ సాకెట్లో కూర్చోకపోతే దుకాణంలోనే తెలిసిపోతుంది, మార్చుకుంటాం. కూర్చున్నాక ఆన్ కాకపోతే రెండు మూడు రోజులు తల పట్టుకుంటాం. చక్కగా ఆన్ అయి, ఇచ్చిన డబ్బుకి సగం పనే చేస్తుంటే? అది ఎవరికీ తెలియదు. తక్కువ బడ్జెట్ వాళ్లు జాగ్రత్తపడాల్సింది ఈ మూడో రకంతోనే.

మొదటి రకం త్వరగా తేల్చేద్దాం. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, 2017లో మొదటి రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా అదే. 2022లో ఏఎం5 వచ్చింది, ఇందులో డీడీఆర్5 ర్యామ్ తప్ప మరోటి పట్టదు. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ 1700. ఆ అంకె సాకెట్లోని పిన్నుల లెక్క. అంకె కలిస్తే చాలనుకోవడమూ పొరపాటే. 2017లో ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్లు తెచ్చినప్పుడు సాకెట్ పేరు 1151 అనే ఉంచింది, 6, 7 తరాలదీ అదే పేరు. కానీ పాత బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ పనిచేయలేదు. పిన్నులు అన్నే, వాటిలో కొన్నిటి పని మారింది. ర్యామ్ సంగతీ అంతే. డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288 పిన్నులే, మధ్యలో ఉండే గాటు మాత్రం కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్4, కొన్నిటికి డీడీఆర్5. ఒకే మోడల్ రెండు రకాలుగానూ అమ్ముతారు. పేరు చివర ఉండే డీ4 అనే చిన్న ముక్క చూసుకోకపోతే మళ్లీ ఆటో ఎక్కాల్సిందే.

రెండో రకం నా అనుభవమే. బి450 బోర్డు చవగ్గా దొరికిందని తెచ్చి రైజెన్ 5 5600 పెట్టాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. ర్యామ్ తీసి పెట్టాను, వైర్లు మార్చాను, దేవుడికి దణ్ణం కూడా పెట్టాను. మూడో రోజుకి అసలు సంగతి తెలిసింది. ఆ బోర్డు తయారైన నాటికి 5600 పుట్టనే లేదు. బోర్డులో ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బయాస్‌ని అప్‌డేట్ చేస్తే తెలుస్తుంది, కానీ అప్‌డేట్ చేయాలంటే సిస్టమ్ ఆన్ అవ్వాలి, అందుకు అది గుర్తుపట్టే పాత ప్రాసెసర్ ఒకటి కావాలి. చివరికి తెలిసినవాళ్ల దగ్గర పాత రైజెన్ ఒకటి గంటసేపు అడిగి తెచ్చుకుని గట్టెక్కాను. కొన్ని బోర్డుల వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అనే బటన్ ఉంటుంది, అలాంటివాటికి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో పని జరిగిపోతుంది. కొనేటప్పుడే బయాస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అడగొచ్చు. అడగాలని తెలియాలి, అంతే.

ఇక మేనల్లుడి చీటీ.

అందులో గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. దానికి సొంత మెమరీ 4 జీబీ. ఇప్పటి గేముల బొమ్మలకి అది చాలదు, నిండిపోయాక మిగతాది మదర్‌బోర్డు మీది ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి. తెచ్చుకునే దారి పేరు పీసీఐఈ. బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పొడవాటి స్లాట్‌లో మామూలుగా 16 దారులుంటాయి. ఈ కార్డు వాటిలో నాలుగే వాడుకుంటుంది. పీసీఐఈ 4.0 బోర్డయితే ఒక్కో దారిలో సెకనుకి దాదాపు 2 జీబీ పోతుంది, 3.0 అయితే అందులో సగం. ఏ520 బోర్డు 3.0 రకం. అంటే అసలే సన్నటి పైపు, దాన్ని ఇంకా నొక్కినట్టు. గేమ్ నడుస్తుంటుంది, మలుపు తిరిగి కొత్త వీధిలోకి వెళ్లగానే ఒక్కసారి ఆగి ముందుకి దూకుతుంది. కుర్రాడు ఇంటర్నెట్‌ని తిట్టుకుంటాడు.

పక్కనే 8 కోర్ల 5700ఎక్స్. ప్రాసెసర్ గేములో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోతోంది అని లెక్కలు వేసి ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డు దాన్ని బొమ్మగా గీస్తుంది. గీసేవాడి చెయ్యి నెమ్మదైనప్పుడు చెప్పేవాడు ఎంత చురుకైనవాడైతే ఏం లాభం? గేముల కోసమే అయితే 6 కోర్ల 5600 ఈ బడ్జెట్‌కి చాలు. పైగా 5700ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు, చీటీలోనూ కూలర్ లేదు. బిగించే రోజున అదనంగా ఇంకో ఖర్చు. 5600తో కూలర్ పెట్టెలోనే వస్తుంది.

"అయితే 5600జీ తీసుకుంటా మావయ్యా, దాంట్లో గ్రాఫిక్స్ కూడా ఉంటుంది" అన్నాడు. పేర్లు పెట్టేవాళ్లు మనల్ని ఇలాగే పడేస్తారు. జీ రకంలో లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, నిజమే. అందుకు బదులుగా ప్రాసెసర్ లోపలి క్యాష్ మెమరీ సగానికి తగ్గింది, 5600లో 32 ఎంబీ ఉంటే ఇందులో 16. పీసీఐఈ కూడా 3.0కే ఆగిపోయింది. విడిగా కార్డు కొననివాళ్లకి అది మంచి సరుకే. కార్డు పెట్టేవాడికి దండగ. 5500 కూడా ఆ కుదురుదే, పైగా దాంట్లో గ్రాఫిక్సూ లేదు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ3 12100ఎఫ్ లాంటివి అందుకే కాస్త చవక.

ప్రాసెసర్ దగ్గర మిగిలిన డబ్బు, క్యాబినెట్ రంగుల దగ్గర మిగిలిన డబ్బు కలిపి కార్డుని ఆర్ఎక్స్ 6600కి పెంచాం. 8 జీబీ సొంత మెమరీ, 8 దారులు. దీనికైతే ఏ520 మీద కూడా పెద్ద నష్టం ఉండేది కాదు. తేడా తక్కువేనని, నాలుగు ర్యామ్ స్లాట్లు వస్తాయని బి550 బోర్డు తీసుకున్నాం. కుర్రాడు ఇప్పటికీ అది తన పట్టుదల అంటాడు, అననివ్వండి. గేముల సిస్టమ్‌లో మొత్తం డబ్బులో మూడో వంతు, కుదిరితే ఇంకాస్త ఎక్కువ, గ్రాఫిక్స్ కార్డుకే పోవాలని నా లెక్క.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోమన్నాను. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య రెండు కాలవలుంటాయి. ఒక స్టిక్ పెడితే ఒక కాలవ ఎండిపోయి ఉంటుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. మొదటి రెండిట్లోనో చివరి రెండిట్లోనో పెడితే మళ్లీ ఒకే కాలవ. ఆ తర్వాత బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనేది ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. అది చేయకపోతే 3200 వేగం అని రాసి ఉన్న ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉండొచ్చు. పైసా ఖర్చు లేని పని ఇది. ఏళ్ల తరబడి చేయనివాళ్లని చూశాను.

అసలు గొడవ పడింది సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర. క్యాబినెట్‌తో ఉచితంగా వస్తున్నదాన్ని వద్దని వేరేది కొనమంటే ఎవరికైనా మనసొప్పదు. పెట్టె పక్కనున్న స్టిక్కర్ ఫొటో తెప్పించుకున్నాను. పెద్దక్షరాల్లో 500 వాట్లు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 20 ఆంపియర్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. ఇరవైని పన్నెండుతో హెచ్చిస్తే 240 వాట్లు. అదే దాని అసలు సత్తా. 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది, 5600 రేటింగ్ 65, నిండుగా పనిచేస్తే ఇంకొంచెం ఎక్కువే. ఫ్యాన్లూ మిగతావీ కలుపుకుంటే ఆ 240 అంచుకే చేరతాం. కార్డు ఒక్క క్షణం ఎక్కువ లాగిందా, సిస్టమ్ టప్పున ఆరిపోతుంది. ఆ కార్డుకి 450 వాట్లు ఉండాలని ఏఎండీ చెబుతుంది, అవి నిజమైన వాట్లు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, 550 వాట్లది కొన్నాం. 80 ప్లస్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్రేనని, మన్నికకి హామీ కాదని గుర్తుంచుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. వైర్లు ఊడదీసే మాడ్యులర్ రకం ఎస్ఎంపీఎస్‌లుంటాయి. ఒక కంపెనీ వైర్లు ఇంకో కంపెనీ దానికి గుచ్చొద్దు. రంధ్రాలు ఒకేలా ఉంటాయి, సరిగ్గా దిగుతాయి కూడా. ఏ రంధ్రంలో ఎన్ని వోల్టులనే పద్ధతి మాత్రం కంపెనీ కంపెనీకీ వేరు. ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ క్షణంలో మాడిపోతాయి. యూపీఎస్ ఉందిగా అనుకునేవాళ్లకి: 600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. కరెంటు పోయినప్పుడు సేవ్ చేసి ఆపేయడానికే అది, మ్యాచ్ పూర్తిచేయడానికి కాదు.

క్యాబినెట్ గురించి ఎక్కువ చెప్పను. ముందు అద్దం ఉన్నది అందంగా ఉంటుంది, గాలి పోదు. హైదరాబాద్ మే నెలలో ఏసీ లేని గదిలో జాలీ ముఖం ఉన్న పెట్టెనే నమ్ముతాను. కార్డు పొడవు, కూలర్ ఎత్తు లోపల పడతాయో లేదో మిల్లీమీటర్లలో చూసుకోవాలి, రెండు కొలతలూ కంపెనీ పేజీలోనే ఉంటాయి. ఎస్ఎస్‌డీ ఎం.2 రకమైతే చూడ్డానికి ఒకేలా ఉండే వాటిలో సాటావీ ఉంటాయి, ఎన్‌వీఎంఈవీ ఉంటాయి. బోర్డు స్లాట్ దేన్ని పడుతుందో మాన్యువల్లో ఉంటుంది. సాధారణంగా కొనేది 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బిగించడం మొదలుపెట్టాం, సాయంత్రం టీకి అయిపోయింది. స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. వాడి ముఖమూ అలాగే అయింది. వెనక్కి వెళ్లి చూస్తే మానిటర్ వైరు మదర్‌బోర్డుకి గుచ్చి ఉంది. 5600లో గ్రాఫిక్స్ లేదుగా, అక్కడ గుచ్చితే బొమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? తీసి కార్డుకి పెట్టాం. ఇదే వాడు 5600జీ కొనుంటే, కొన్ని బోర్డుల్లో ఆ వైరుతోనే బొమ్మ వచ్చేస్తుంది, కొత్త కార్డు పక్కన ఊరికే కూర్చుంటుంది, నెలల తరబడి కనిపెట్టలేకపోవచ్చు. వాడి పాత మానిటర్ 60 హెర్ట్జ్‌ది. సెకనుకి నూరు బొమ్మలు కార్డు గీసినా అది చూపించేది అరవై. ఆ పైపు మార్చడం వచ్చే ఏడాది పని అని ఒప్పుకున్నాడు.

2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలకి రెక్కలొచ్చాయి. పాత డీడీఆర్4ని కూడా వదల్లేదు. ఒకరోజు రాత్రి వాడే ఫోన్ చేశాడు.

"మావయ్యా, నా రెండు స్టిక్‌లూ కొన్న రేటు కంటే ఎక్కువకి అడుగుతున్నారు. ఒకటి అమ్మేస్తే మానిటర్‌కి కొంచెం కలిసొస్తుంది కదా?"

"ఆ కాలవ ఎండబెట్టుకుంటావా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అమ్మని అడుగుతాలే" అని పెట్టేశాడు.