ఇంజిన్‌కి వరదొస్తే...

మాఘమాసం. తెల్లవారుజామున నాలుగున్నర. ముహూర్తం ఆరింటికి. పెళ్లికొడుకూ తోడపెళ్లికొడుకూ వెనక సీట్లో సర్దుకున్నారు. ముందు సీట్లో మేనమామ. బంతిపూల దండలు కట్టిన అంబాసిడర్ ముందు కూర్చున్న డ్రైవర్ చోక్ లాగి, యాక్సిలరేటర్‌ని నాలుగుసార్లు తొక్కి తాళం తిప్పాడు. 'కిర్... కిర్... కిర్...' మంది కానీ ఇంజిన్ అందుకోలేదు. మళ్లీ తొక్కాడు. మళ్లీ తిప్పాడు. గుప్పుమని పెట్రోలు వాసన.

'ఓవరైంది బాబూ!' అంటూ దిగి బానెట్ ఎత్తాడు. మేనమామకి ఆ చలిలోనూ ముచ్చెమటలు!

తొంభయ్యో దశకం దాకా పెళ్లిళ్లు జరిగిన ఏ ఇంట్లో అడిగినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. షెడ్డు భాషలో 'ఓవర్ కావడం' అంటే ఇంజిన్‌లోకి పెట్రోలు వరదలా వచ్చిపడటం. రోడ్డు మీద పెట్రోలు అయిపోయి ఆగిన కారు గురించి అందరికీ తెలుసు. పెట్రోలు ఎక్కువై ఆగిన కారు సంగతే చిత్రం!

అతి సర్వత్ర వర్జయేత్

పొయ్యిలో కట్టెలు కిక్కిరిసేలా కూరితే ఏమవుతుంది? పొగ వస్తుంది తప్ప మంట రాదు. ఇంజిన్‌దీ అదే తీరు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. మరోలా చెప్పాలంటే ఒక్క లీటరు పెట్రోలుకి దాదాపు 9 వేల లీటర్ల గాలి! ఆ పాళ్లు బాగా తప్పి పెట్రోలు మితిమీరితే నిప్పురవ్వ పడినా అంటుకోదు. పైగా ఆ పెట్రోలుకి స్పార్క్ ప్లగ్గు మొన తడిసిపోతుంది. తడిసిన ప్లగ్గులో రవ్వ సరిగా పుట్టదు. రవ్వ లేక పెట్రోలు మండదు, మండని పెట్రోలు ప్లగ్గుని ఇంకా తడుపుతుంది. తాళం తిప్పినకొద్దీ పరిస్థితి దిగజారడానికి కారణం ఇదే.

పాత కార్లలో గాలినీ పెట్రోలునీ కలిపే పని కార్బురేటర్‌ది. షెడ్డు కుర్రాళ్ల నోట్లో అది 'కార్పొరేటర్' అయిపోయిందనుకోండి! చలికి ఇంజిన్ బిగుసుకుని ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగుతారు. అది గాలి దారిని మూసి పెట్రోలు పాలు పెంచుతుంది. ఇక యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ కార్బురేటర్‌లోని చిన్న పంపు కొంత పెట్రోలుని లోపలికి చిమ్ముతుంది. చోక్ లాగి ఉంచి, కంగారులో పెడల్‌ని టపటపా తొక్కితే వరద రాక ఏమవుతుంది?

స్కూటరు రోజుల వాళ్లకి ఇంకో విద్య కూడా తెలుసు. పొద్దున్నే స్టార్ట్ కాని స్కూటర్‌ని ఓ పక్కకి వంచి లేపేవారు. అలా వంచితే కార్బురేటర్‌లోకి కాస్త అదనంగా పెట్రోలు చేరేది. ఆ వంచడం మరీ ఎక్కువైతే మాత్రం పెట్రోలు ట్యాపు కట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, చెమటలు కారేలా కిక్కులు కొట్టాల్సిందే.

నిండా తొక్కితేనే మేలు!

ఓవరైన కారుని దారికి తెచ్చే పద్ధతి వినడానికి తలకిందులుగా ఉంటుంది. పెట్రోలు ఎక్కువైందంటూనే యాక్సిలరేటర్‌ని అడుగుదాకా తొక్కమంటారు. అందులో కిటుకు ఉంది. టపటపా తొక్కితే పెట్రోలు వస్తుంది. ఒక్కసారి మెల్లగా అడుగుదాకా తొక్కి అలాగే పట్టి ఉంచితే గాలి దారి పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ గాలే లోపలి పెట్రోలుని బయటికి తోసి, ప్లగ్గుల్ని ఆరబెడుతుంది.

ముందు చోక్ లోపలికి నెట్టేయాలి. లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేయాలి. బానెట్ ఎత్తి పది పదిహేను నిమిషాలు కదలకుండా వదిలేయాలి. తర్వాత పెడల్‌ని అడుగుదాకా తొక్కి పట్టుకుని, అయిదు నుంచి పది సెకన్లపాటు సెల్ఫ్ కొట్టాలి. అందుకోకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఆగకుండా కొడితే సెల్ఫ్ మోటార్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఇంజిన్ అందుకున్నాక మొదట దగ్గుతుంది, నల్లటి పొగ వదులుతుంది. భయపడక్కర్లేదు. కాస్త సర్దుకోగానే కాలు మెల్లగా తీసేయొచ్చు.

అప్పటికీ మొండికేస్తే ప్లగ్గులు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించడమే. ఈ పనంతా జరుగుతున్నప్పుడు చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయకూడదు. పెట్రోలు ఆవిరి కంటికి కనిపించదు, నిప్పుని మాత్రం ఇట్టే అందుకుంటుంది.

2000 నుంచి వాహన కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో కార్లలో కార్బురేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. పాళ్లు చూసుకునే పని కంప్యూటర్‌ది. చోక్ మీటా మాయమైంది. 1983లో రోడ్డెక్కిన మారుతి 800, అంతకంటే పాతదైన అంబాసిడర్ రెండూ 2014లో తయారీకి సెలవు చెప్పాయి. అయినా వరద భయం పూర్తిగా పోలేదు. చల్లగా ఉన్న కారుని స్టార్ట్ చేసి, గేటు దాకా నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేస్తే కొత్త కారైనా ఒక్కోసారి ఓవరవుతుంది. దానికీ మందు అదే. చాలా కార్లలో పెడల్‌ని అడుగుదాకా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ విషయం గ్రహించి పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది. అన్ని మోడళ్లూ ఒకటి కావు కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకం ఓసారి తిరగేయడం మంచిది.

'నలుగురం తోస్తే అదే అందుకుంటుంది' అనేది పాతకాలపు మాట. ఇప్పటి కార్ల పొగగొట్టంలో కెటాలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మండని పెట్రోలు అందులోకి చేరి మండితే అది పాడవుతుంది. దాని ఖరీదు వేలల్లో మాట!

ఇది అసలు వరద

పెట్రోలు వరద వస్తే పోయేది పావుగంట. నీటి వరద వస్తే పోయేది ఇంజినే. 2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీసిన మరునాడు ఎవరికైనా మొదట పుట్టే ఆలోచన ఒక్కటే... 'ఒక్కసారి తాళం తిప్పి చూద్దాం!'

ఆ ఒక్కసారే కొంప ముంచుతుంది.

ఇంజిన్‌లో పిస్టన్ పైకి లేచి గాలిని నొక్కుతుంది. గాలి నొక్కితే ఇముడుతుంది. నీళ్లు ఇమడవు. సుమారు 800 సీసీ, మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారునే తీసుకోండి. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక పైన మిగిలే జాగా 33 మిల్లీలీటర్ల లోపే. అంటే ఏడు చిన్న చెంచాల నీళ్లు చాలు, పిస్టన్ గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. అంతకంటే పెద్దదైన 1300 సీసీ డీజిల్ ఇంజిన్‌లో ఆ జాగా ఇంకా తక్కువ, నాలుగు చెంచాలే! డీజిల్ బండికి పెట్రోలు ప్లగ్గుల బాధ లేదు కానీ, నీళ్ల ప్రమాదం దానికే ఎక్కువ. పిస్టన్ ఆగినా కింది నుంచి తోసే బలం ఆగదు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొన్నిసార్లు విరిగి ఇంజిన్ గోడనే చీల్చుకుని బయటికి వస్తుంది.

అందుకే నీళ్లలో ఆగిన కారుకి వైద్యం పూర్తిగా వేరు. అక్కడ తాళం జోలికే పోకూడదు. వీలైతే బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేయాలి. న్యూట్రల్‌లో ఉంచి మెరక మీదికి తోయించాలి. ఆటోమేటిక్ గేర్ల బండైతే లారీ మీదికి ఎక్కించి తీసుకెళ్లడమే క్షేమం. ఆయిల్ గేజి బయటికి లాగి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే నీళ్లు లోపలికి వెళ్లినట్టే. ఎయిర్ ఫిల్టర్ తడిసినా అనుమానించాల్సిందే. మెకానిక్ ప్లగ్గులో, డీజిల్ అయితే ఇంజెక్టర్లో విప్పి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్లు కక్కించి, ఆయిలు మార్చాకే తాళం వంతు.

ఇందులో డబ్బు ముడిపడిన మెలిక మరొకటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే వస్తుంది. కానీ నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే, అది వరద చేసిన నష్టం కాదు, యజమాని చేసుకున్న నష్టం అంటూ బీమా కంపెనీలు తిరస్కరించే అవకాశం ఎక్కువ. విడిగా 'ఇంజిన్ ప్రొటెక్ట్' తీసుకున్నవాళ్లకే ఆ భాగానికి రక్షణ. అందులోనూ షరతులుంటాయి. బండి నీళ్లలో ఉండగానే ఫొటోలు తీసి కంపెనీకి కబురు చేయడం, ఆ తర్వాతే షెడ్డుకి పంపడం మేలు.

మొదటి వరదలో తొక్కి పట్టి తిప్పాలి. రెండో వరదలో తాళం జేబులోంచి తీయకూడదు. ఏది ఏ వరదో తెలియాలంటే ఒక్క క్షణం ఆగి, ముక్కుతో వాసన చూసి, కంటితో నీటి మట్టం చూడాలి. కంగారు పడితే మాత్రం రెండింట్లోనూ నష్టమే.

ఇంతకీ ఆ పెళ్లి అంబాసిడర్ ఏమైంది? మేనమామ టెన్షన్‌తో సిగరెట్ తీస్తే, డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. చోక్ లోపలికి నెట్టి, బానెట్ ఎత్తి పెట్టి, తాపీగా పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత కాలు అడుగుదాకా తొక్కి తాళం తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి, పెళ్లికొడుకు తెల్ల పంచె మీదికి ఇంత నల్లపొగ వదిలి... కదిలింది.

ముహూర్తానికి ఇంకా పావుగంట ఉండగానే సన్నాయి వినిపించింది!