చక్కెర మంచు

మంచు అనగానే మనకు మల్లెపూవు, వెన్నెల స్ఫురిస్తాయి. కాని కొండవాలున పేరుకొన్న మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కొక్క హిమపాతానికి ఒక్కొక్క పొర. గాలి, ఎండ, చలి ప్రతి పొరకూ వేరు స్వభావాన్ని కల్పిస్తాయి.

వీటిలో మిక్కిలి ప్రమాదకరమైన పొరను పర్వతారోహకులు ‘చక్కెర మంచు’ అంటారు. నిజాముల కాలంలో వెలసిన కర్మాగారం 2015లో మూతపడేవరకు చక్కెరతో బ్రతికిన బోధను సీమకు ఈ పేరు వివరించనక్కరలేదు. గుప్పిట ఎంత బిగించినా పలుకులు ముద్దకట్టవు. నేలనంటిన మంచు కొంత వెచ్చగాను, పైభాగం తీవ్రమైన చలితోను ఉన్నప్పుడు, అడుగునుండి ఆవిరి పైకి ప్రాకి, మంచు అట్టి పలుకులుగా మారుతుంది. దానిమీద క్రొత్త మంచు గాలికి బిగిసి పలకవలె పరచుకొంటుంది. వాలు 30 నుండి 45 డిగ్రీలున్నచోట ఆ పలక తెగి జారటానికి ఒక్క మనిషి బరువు చాలును. మంచుచరియలకు బలియైనవారిలో పెక్కుమంది విషయంలో, వాటిని కదిలించినది వారి అడుగో, సహచరుని అడుగో!

2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, 14 ఏండ్లు నిండకముందే, ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో పాటు ఎవరెస్టు నధిరోహించింది. వారెక్కినది టిబెట్టు వైపునుండి. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాలు వైపున, ఖుంబూ హిమపాతంలో పెద్ద మంచుగడ్డ విరిగిపడి 16 మంది నేపాలీ శ్రామికులు మరణించారు. అది పొర జారుట కాదు, వ్రేలాడు గడ్డ కూలుట. అయినను పర్వతం ఎవరి ధైర్యాన్నీ లెక్కించదని చాటినది.

పూర్ణ శిఖరం చేరిన సంగతి మన బడులలో గర్వంతో చెప్పుకొంటాము. భువనగిరి గుట్టపైన, డార్జిలింగులోను, లడఖ్ చలిలోను ఆమె పొందిన శిక్షణను అంత శ్రద్ధగా చెప్పుచున్నామా? మంచులో కూరుకొన్నవానికి బ్రతుకు ఆశ పావుగంట దాటితే వేగంగా సన్నగిల్లుతుంది. దూరాననున్న సహాయం అందేలోగా ప్రక్కవాడే వెదకి త్రవ్వి తీయాలి. అందుకే సంకేతయంత్రం, పొడవాటి శోధనదండం, పార ప్రతివాని వద్దా ఉండవలెను. క్రొత్తగా జారిన చరియలు, అడుగుక్రింద ‘గుభ్’మను ధ్వని, మంచుపై పరుగెత్తే పగుళ్లు కనిపించినచో వెనుదిరగటమే వివేకం.

ఉపాధ్యాయులకొక ప్రయోగం. చెక్కపలకపై గోధుమపిండిని అదిమి, దానిపై చక్కెర పరచి, మరల పిండి అదిమి, పలకను మెల్లగా ఎత్తండి. పై పొర చక్కెరమీదనుండి జారుతుంది. ధైర్యంతోపాటు ఎక్కడ ఆగవలెనో కూడ నేర్పిన పాఠమే కొండనెక్కబోయే మన పిల్లకు నిజమైన తోడు.