పాటకు ఊరును పేరును

అంతర్జాలమునఁ బాటలకుఁ గొదువలేదు. వాని పుట్టుపూర్వోత్తరములకే కొదువ. నండూరి సుబ్బారావుగారి ఎంకిపాటలు 1925లోనే గ్రంథముగా వెలువడినను, వానిని జానపదములని చెప్పఁగా మేము పలుమాఱు వింటిమి. పలుకుబడి పల్లెది గావచ్చును. కవి యొకఁడు గలఁడు గదా!

మా నెల్లూరు సీమకుఁ జెందిన కాటమరాజు కథ తీరు వేఱు. పసుల మేఁతకుఁ బుల్లరి చెల్లించు విషయమై నల్లసిద్ధిరాజుతో జరిగిన పోరును కొమ్మువారు తరతరములుగాఁ బాడుచున్నారు. గాయకునిబట్టి పాఠము మాఱును. ఎవరు పాడిన పాఠమో చెప్పక "కథలో నిట్లున్నది" యని వ్రాసిన నెవరు నమ్ముదురు? తంగిరాల వేంకట సుబ్బారావుగారు సేకరించి ప్రకటించిన సంపుటములను జూచి, పుటసంఖ్యతోఁ జెప్పినచో నితరులును సరిచూచుకొనఁగలరు.

అచ్చునకెక్కని పాటలకు మాత్రము పాడినవారే ప్రమాణము. సోదరీమణులారా, మైపాడు తీరమున వల లాగువేళ గాని, వరినాట్లవేళ గాని విన్న పాటను వ్రాసికొనునపుడు, పాడిన యామె యనుమతి గొని, ఆమె పేరు, ఊరు, విన్న తేది, ఆమె యెవరివలన నేర్చెనో కూడ వ్రాయుఁడు. చదువుకొన్న మనకు దిద్దుట యలవాటు. ఆమె "సంద్రం" అన్నచో "సముద్రము" చేయకుఁడు. ఆమె మఱచిన చరణమున్నచోట ఖాళీ విడువుఁడు.