మీటరుకు అందని చుట్లు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌.బి.నగర్ కూడలికి దూరం సుమారు నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం పూట చైతన్యపురి, కొత్తపేట దాటుకుని అక్కడికి చేరడానికి అరగంట పట్టడం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. ఆ అరగంటా ఇంజిన్ నిమిషానికి సగటున 900 చుట్లు తిరిగిందనుకుంటే మొత్తం 27,000 చుట్లు. అదే కారు ఎల్‌.బి.నగర్ దాటి విజయవాడ హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, నాలుగు కిలోమీటర్లూ మూడు నిమిషాల్లో అయిపోతాయి. నిమిషానికి 2,000 చుట్ల చొప్పున వేసుకున్నా తిరిగేది 6,000 చుట్లే. మీటరు మాత్రం రెండు చోట్లా నాలుగు కిలోమీటర్లే చూపిస్తుంది. టైమింగ్ బెల్టు అరిగేది ఇంజిన్ తిరిగే చుట్లను బట్టి. మనం దాన్ని మార్చేదేమో మీటరు చూసి.

ఇంజిన్ అడుగున క్రాంక్ షాఫ్టు తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన క్యామ్ షాఫ్టు వాల్వులను తెరుస్తుంది, వాటిని స్ప్రింగులు మూస్తాయి. కింద రెండు చుట్లు తిరిగితే పైన సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేదే పళ్లున్న ఈ రబ్బరు బెల్టు. లోపల గాజునూలు పోగులు, పళ్ల మీద నైలాన్ గుడ్డ ఉంటాయి. 1962లో పశ్చిమ జర్మనీ కారు గ్లాస్ 1004తో ఇది మార్కెట్లోకి వచ్చింది. గొలుసు కంటే తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు.

చాలా ఇంజిన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కూడా దిగుతుంది. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లతో వడ్లు దంచినట్టు, ఒకటి లేచాకే మరొకటి పడాలి. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకొస్తుంది. ఆ వేగంలో బెల్టు తెగితే క్యామ్ షాఫ్టు దాదాపు అప్పటికప్పుడే ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. కారు గేర్లో ఉంది కాబట్టి చక్రాలు క్రాంకును ఇంకా తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్లు వచ్చి ఆ వాల్వులను గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి. వాల్వు తల తెగి లోపల పడితే పిస్టన్‌కే చిల్లు పడుతుంది. డీజిల్ ఇంజిన్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. గాలిని పదిహేను, ఇరవై వంతుల్లో ఒక వంతుకు నొక్కాలి కాబట్టి పిస్టన్ పైన ఖాళీ దాదాపు ఉండదు.

2016కు ముందు వచ్చిన డీజిల్ ఇన్నోవా, పాత డీజిల్ ఇండికా, డస్టర్ డీజిల్, పోలో డీజిల్, పాత శాంట్రో, ఇవన్నీ బెల్టు బళ్లే. స్విఫ్ట్ డీజిల్‌కు గొలుసు. గొలుసు సాగితే గలగలమని ముందే చెబుతుంది. బెల్టుకు ఆ గుణం లేదు, చాలాసార్లు చప్పుడు లేకుండానే తెగుతుంది.

తెగడానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. ఆయిల్ సీలు కారి రబ్బరు నానినా, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు పట్టేసినా తెగుతుంది. చాలా ఇంజిన్లలో వాటర్ పంపును తిప్పేదీ ఈ బెల్టే, ఆ పంపు బిగుసుకుంటే బెల్టు పని అయిపోయినట్టే. అందుకే బెల్టుతో పాటు టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రం, వాటర్ పంపు కూడా మార్పించమని మంచి మెకానిక్కు చెబుతాడు. దాన్ని బిల్లు పెంచడమని అనుకోవద్దు. విప్పే కూలీ ఎలాగూ ఒక్కటే. ఇక ఎండ సంగతి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, గాలి ఆడకుండా నిలబడ్డ కారు బానెట్ కింద రబ్బరు మరింత త్వరగా గట్టిపడి బీటలు వారుతుంది. తక్కువ తిరిగిన కారు కదా అని పదేళ్ల బెల్టును నమ్మడం తప్పు. తయారీదారులు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఇచ్చేది ఇందుకే. ట్రాఫిక్‌లో, ఎక్కువసేపు ఐడిలింగ్‌లో నడిచే బళ్లకు చాలా మాన్యువళ్లలో వేరే గడువు ఉంటుంది. మన రోడ్డుకు వర్తించేది అదే.

నడుస్తుండగా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతే ముందు పక్కకు తీయండి. బైరామల్‌గూడ ఫ్లైఓవర్ మీదైనా సరే కంగారు వద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండు నొక్కుల వరకు మామూలుగానే పడుతుంది, తర్వాత బలంగా తొక్కాలి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బిగువు లేకుండా తేలిగ్గా, మామూలు కంటే వేగంగా తిరిగితే బెల్టు తెగిందని అనుమానించండి. మళ్లీ కొట్టొద్దు. గేర్లో వేసి నెట్టించడం అంతకన్నా నష్టం. తిప్పిన ప్రతిసారీ బాగున్న వాల్వు కూడా వంగే అవకాశం ఉంది. బండిని ఎక్కించుకుని పోయే వాహనాన్ని పిలిపించండి.

పాత కారు కొంటున్నవాళ్లకు ఒక మాట. రంగు, టైర్లు, మీటరు చూశాక బెల్టు మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేదంటే, సీటు కవర్లకంటే ముందు బెల్టు కిట్టు వేయించండి.